ఆంగ్ల వాక్యంలో క్రియ ఎక్కడ? ‘పనిని తెలిపేది క్రియ’ అన్న నిర్వచనంపై విమర్శ

వ్యాససంగ్రహం

ఆంగ్ల వాక్యంలో క్రియను గుర్తించడం తెలుగు విద్యార్థికి ఎందుకు కష్టమవుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాఠశాల స్థాయిలో స్థిరపడిన ‘పనిని తెలిపే పదం క్రియ’ అన్న నిర్వచనం అర్థాన్ని ఆధారం చేసుకొన్నది. ఆంగ్లంలో క్రియను పట్టించేది అర్థం కాదు, రూపం. భారతీయ వ్యాకరణ సంప్రదాయానికి ఈ రూపదృష్టి కొత్త కాదు. తెలుగు వ్యాకరణంలోని సమాపక, అసమాపక విభాగం ఆంగ్ల క్రియాబోధనకు మంచి సాధనం. అయితే అది భావనగానే పనికివస్తుంది, మాటకు మాట అనువాదంగా కాదు. విశాఖపట్నం ఓడరేవు, ఉక్కు కర్మాగారాల వ్యవహారానికి సంబంధించిన వాక్యాలను ఉదాహరణలుగా తీసుకొని ఈ ప్రతిపాదనను నిరూపించడం వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: ఆఖ్యాతం, సమాపక క్రియ, అసమాపక క్రియ, క్రియారహిత వాక్యం, రూపపరీక్ష, విశాఖపట్నం, ఆంగ్లబోధన.

1. ఉపోద్ఘాతం

విశాఖపట్నం పేరు చెప్పగానే తెలుగువారికి స్ఫురించే వాక్యం ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’. 1966 నాటి ఉద్యమంలో పుట్టిన ఈ నినాదం 1971లో కర్మాగారానికి శంకుస్థాపన జరిగేదాకా, 1992లో దానిని జాతికి అంకితం చేసేదాకా జనం నోట నిలిచింది. 2021లో కేంద్రప్రభుత్వం పెట్టుబడుల ఉపసంహరణ నిర్ణయం తీసుకొన్నప్పుడు మళ్ళీ వీధుల్లోకి వచ్చింది. చారిత్రక ప్రాధాన్యం అలా ఉంచితే, వ్యాకరణదృష్టితో చూసినప్పుడు ఈ వాక్యంలో ఒక విశేషం కనిపిస్తుంది. ఇందులో క్రియ లేదు. రెండు నామబంధాలు పక్కపక్కన నిలిచి సంపూర్ణమైన వాక్యమయ్యాయి.

ఇదే వాక్యాన్ని ఆంగ్లంలోకి మార్చితే ‘విశాఖ స్టీల్ ఈజ్ ది రైట్ ఆఫ్ ఆంధ్రాస్’ అవుతుంది. ఇందులో క్రియను గుర్తించమంటే, ‘పనిని తెలిపేది క్రియ’ అని నేర్చిన విద్యార్థి చిక్కులో పడతాడు. ‘ఈజ్’ ఏ పనినీ చెప్పదు. నిఘంటువు తెరిస్తే ‘స్టీల్’కు మనసును దృఢపరచుకోవడం అనీ, ‘రైట్’కు సరిదిద్దడం అనీ క్రియార్థాలు కనిపిస్తాయి. క్రియలు కాగల రెండు పదాలూ ఇక్కడ క్రియలు కావు. క్రియలా కనిపించని పదమే క్రియ. నిర్వచనానికీ వాస్తవానికీ మధ్య ఉన్న ఈ ఎడమే ప్రస్తుత పరిశీలనకు విషయం.

2. నిర్వచనంలోని లోపం

‘రాముడు పాఠం చదివాడు’ వంటి వాక్యంలో పనిని తెలిపేది క్రియ అన్న నిర్వచనం చక్కగా అమరుతుంది. ఆ వాక్యం దాటగానే దానికి మూడు వైపుల నుంచి ఆక్షేపణలు వస్తాయి.

మొదటిది అవ్యాప్తి. ఉండటం, కలిగి ఉండటం, తెలియడం, పోలి ఉండటం వంటి అర్థాలున్న ఆంగ్ల క్రియలు ఏ పనినీ తెలపవు. ‘పనినీ స్థితినీ తెలిపేది’ అని నిర్వచనాన్ని సవరించినా చిక్కు తీరదు. నిద్ర, ఆకలి, మౌనం కూడా స్థితులే, అవి నామవాచకాలు.

రెండవది అతివ్యాప్తి. పరుగు, ప్రయాణం, సమ్మె, దిగుమతి అన్నవన్నీ పనులే. ఆ పదాలు మాత్రం క్రియలు కావు. పని అన్న భావం నామంలోనూ క్రియలోనూ ఉండగలిగినప్పుడు, ఆ భావాన్నే క్రియాలక్షణంగా చెప్పడం కుదరదు.

మూడవది ఆంగ్లానికి ప్రత్యేకమైనది. ఆంగ్లంలో ఒకే రూపం నామంగానూ క్రియగానూ యథేచ్ఛగా తిరుగుతుంది. 1933లో ప్రారంభమైన విశాఖ ఓడరేవు చుట్టూ వినిపించే ఆంగ్లపదాలను చూసినా ఈ సంగతి స్పష్టమవుతుంది. షిప్, డాక్, లోడ్, బెర్త్, యాంకర్, పైలట్ అన్నవి ఓడ, రేవు, బరువు, ఓడ నిలిచే తావు, లంగరు, ఓడను లోపలికి నడిపించే నిపుణుడు అన్న అర్థాల్లో నామాలు. ఆయా వ్యాపారాలను తెలిపేటప్పుడు క్రియలు. ఉక్కు కర్మాగారంలోని రోల్, కాస్ట్, హీట్, బ్లాస్ట్ పదాల తీరూ ఇంతే.

‘డాక్ వర్కర్స్ లోడ్ ది షిప్’ అన్న చిన్న వాక్యాన్ని పరిశీలించవచ్చు. రేవు కార్మికులు ఓడకు సరుకు ఎక్కిస్తారని దీని భావం. డాక్, వర్క్, లోడ్, షిప్ నాలుగూ క్రియలు కాగలవు. నాలుగింటిలోనూ పని వాసన ఉంది. అర్థాన్ని నమ్ముకొన్న విద్యార్థికి వీటిలో ఒకదాన్ని ఎన్నుకోవడానికి ఆధారం లేదు. పదం చివర ‘స్’ వినిపించినంత మాత్రాన కూడా నిర్ణయం కుదరదు. ‘ది షిప్ డాక్స్ ఎట్ నూన్’ అన్నప్పుడు ‘డాక్స్’ క్రియ. ఓడ మధ్యాహ్నానికి రేవు చేరుతుందని అర్థం. ‘ది షిప్ డాక్స్ ఆర్ క్లోజ్డ్’ అన్నప్పుడు అదే పదం బహువచన నామం. మొదటి మూడు పదాలు రెండు వాక్యాల్లోనూ ఒకటే. తేడా తెలిసేది వాక్యం మొత్తాన్ని చూసినప్పుడే.

3. సంప్రదాయంలోని రూపదృష్టి

పాశ్చాత్య భాషాశాస్త్రంలో అర్థమూలక నిర్వచనాలపై విమర్శ ఇరవయ్యో శతాబ్దిలో బలపడింది. సి.సి. ఫ్రైస్ 1952లో ప్రచురించిన గ్రంథంలో టెలిఫోను సంభాషణలను ఆధారంగా తీసుకొని, వాక్యంలో పదం నిలిచే చోటును బట్టి ఆంగ్ల పదాలను వర్గీకరించాడు. పాత నిర్వచనాలను పక్కనపెట్టడానికి నామం, క్రియ అన్న పేర్లను సైతం విడిచి తన ప్రధాన పదవర్గాలకు సంఖ్యలిచ్చాడు.

భారతీయ వ్యాకరణంలో ఈ రూపదృష్టి అతి ప్రాచీనం. పాణిని పదాన్ని సుబంతం, తిఙంతం అని విభజించాడు. చివర చేరిన ప్రత్యయమే ఇక్కడ ప్రమాణం, అర్థం కాదు. అంతకుముందు యాస్కుడు ఆఖ్యాతంలో భావానికీ, నామంలో సత్త్వానికీ ప్రాధాన్యం చెప్పాడు. ఆయన మాటలో ప్రాధాన్యం అన్నది కీలకం. పని అన్న భావం నామంలోనూ ఉండవచ్చు. అక్కడ అది నిలిచిపోయిన వస్తువుగా కనిపిస్తుంది, ఆఖ్యాతంలో జరుగుతున్న వ్యాపారంగా కనిపిస్తుంది. పాఠ్యపుస్తకాలు ఈ సూక్ష్మాన్ని విడిచి, పని అన్న ఒక్క మాటనే మిగుల్చుకొన్నాయి.

తెలుగులో చిన్నయసూరి బాలవ్యాకరణం కూడా క్రియా పరిచ్ఛేదాన్నీ, కృదంత పరిచ్ఛేదాన్నీ వేరుగా నిలిపింది. ధాతువు నుంచి పుట్టిన ప్రతి పదమూ క్రియ కాదన్న వివేకం ఈ విభజనలోనే ఉంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివి అక్కడే బోధించిన భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు ధాతువులపై చేసిన పరిశోధన 1961లో గ్రంథంగా వెలువడింది. చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ (1975) పరివర్తన వ్యాకరణ దృష్టితో వాక్యనిర్మాణాన్ని విశ్లేషించింది. ఇంత సామగ్రి తెలుగులో ఉండగా ఆంగ్లవ్యాకరణ బోధన దానిని వినియోగించుకోకపోవడం ఆలోచించదగిన విషయం.

సూత్రం వాక్యం నుంచి విడిపోతే ఏమవుతుందో ఉత్తరాంధ్ర సాహిత్యం ఏనాడో చూపింది. విజయనగరం అప్పటికి విశాఖపట్నం జిల్లాలోని భాగం. అక్కడ నివసించిన గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ రెండవ కూర్పులో (1909) వెంకటేశం తల్లి కోరికపై గిరీశం, శిష్యుడు ఇంగ్లీషులో ‘మాట్లాడుకొనే’ ఘట్టం ప్రసిద్ధం. ఆ సంభాషణలో పిల్లల పద్యమూ, రేఖాగణిత సిద్ధాంతమూ, నామవాచకాల బహువచన సూత్రమూ ఒకదాని వెంట ఒకటి దొర్లుతాయి. వ్యాకరణసూత్రమే సంభాషణగా చెల్లిపోవడం అక్కడి హాస్యానికి మూలం. సూత్రం నోటికి వచ్చింది. దానితో ఒక వాక్యాన్ని విప్పడం మాత్రం రాలేదు. క్రియానిర్వచనాన్ని కంఠస్థం చేసి క్రియను పట్టలేని నేటి విద్యార్థి స్థితికి ఈ ఘట్టం దూరమైనది కాదు.

4. క్రియ లేని తెలుగు వాక్యం, క్రియ తప్పని ఆంగ్ల వాక్యం

తెలుగులో క్రియారహిత వాక్యం లోపభూయిష్టం కాదు. అది భాషకు సహజమైన నిర్మాణం. పైగా అందులో పురుషబోధ కూడా ఉంటుంది. ‘నేను కార్మికుడను, నీవు కార్మికుడవు, అతడు కార్మికుడు’ అన్న వాక్యాల్లో కర్తను బట్టి మారింది నామమే. ఆంగ్లంలో ‘యామ్, ఆర్, ఈజ్’ అన్న మూడు పదాలు చేసే పనిలో కొంత తెలుగులో నామం చివరి ప్రత్యయం చేస్తోంది.

ఈ పోలికను విద్యార్థి ముందు ఉంచితే ‘ఈజ్’ అర్థం లేని పూరకపదంగా కనిపించడం మానుతుంది. దానిని ‘ఉంది’ అని అనువదించి నేర్పడం మరొక పొరపాటుకు దారితీస్తుంది. ‘అతడు కార్మికుడు’ అన్న వాక్యంలో ‘ఉన్నాడు’ లేదు. కనుక ఆంగ్లంలోకి మార్చేటప్పుడు ‘హీ వర్కర్’ అనడం, లేదా ‘ఈజ్’ను అన్ని చోట్లా చేర్చి ‘హీ ఈజ్ గో’ అనడం సంభవిస్తుంది. ఒకటి లోపం, మరొకటి అధికం. రెండింటికీ మూలం ఒకటే. ‘ఈజ్’ అక్కడ కాలాన్నీ, కర్త పురుషవచనాలనూ మోయడానికి వచ్చిందన్న సంగతి చెప్పకపోవడమే ఆ మూలం.

వ్యతిరేకార్థంలో తెలుగు కూడా దాగిన ధాతువును బయటపెడుతుంది. ‘ఇది హక్కు’ అన్న వాక్యానికి వ్యతిరేకం ‘ఇది హక్కు కాదు’. భూతకాలంలో ‘హక్కు అయింది’ అనవలసివస్తుంది. అగు ధాతువు నిశ్చయార్థక వర్తమానంలో మాత్రమే మరుగున ఉంటోంది. విశాఖ నినాదాన్నే తీసుకొని ‘కాదు’, ‘అయింది’ అన్న రూపాలను చేర్చి చూపితే, ఆంగ్లంలోని ‘ఈజ్’ ఏ ఖాళీని నింపుతున్నదో విద్యార్థి తన భాషలోనే చూడగలడు.

5. సమాపకం, అసమాపకం: పోలిక, దాని హద్దులు

ఆంగ్ల వ్యాకరణంలో కాలాన్ని మోసే క్రియారూపం ఒకటి, మోయని రూపాలు మరికొన్ని. భారతదేశంలో తరతరాల విద్యార్థులు చదివిన రెన్, మార్టిన్‌ల వ్యాకరణం కాలాన్ని మోయని రూపాలను క్రియాపాఠానికి దూరంగా వేరే అధ్యాయాల్లో వివరిస్తుంది. క్రియను గుర్తించడం నేర్చుకొనే వేళకు ఈ భేదం విద్యార్థికి అందదు. తెలుగు విద్యార్థికి మాత్రం ఈ భేదం సమాపక, అసమాపక క్రియల పేరుతో చిన్నతరగతులలోనే పరిచయం.

‘ది స్టీల్ రోల్డ్ ఇన్ దిస్ మిల్ కూల్స్ స్లోలీ’ అన్న వాక్యంలో మొదట కనిపించే ‘రోల్డ్’ను క్రియగా భావించి విద్యార్థి అక్కడే ఆగిపోతాడు. తెలుగులో ‘ఈ మిల్లులో సాగదీసిన ఉక్కు మెల్లగా చల్లబడుతుంది’ అన్నప్పుడు ‘సాగదీసిన’ దగ్గర వాక్యం ముగిసిందని ఎవరూ అనుకోరు. అది ధాతుజ విశేషణం. ఉక్కు ఎలాంటిదో చెబుతోంది. ‘చల్లబడుతుంది’ సమాపక క్రియ. ‘రోల్డ్’, ‘కూల్స్’ మధ్య తేడా ఇదే. ఆంగ్లంలో భూతకాల క్రియకూ, ఈ విశేషణానికీ చాలా చోట్ల రూపం ఒకటే కావడం వల్ల తేడా మరుగున పడుతుంది. తెలుగులో ‘సాగదీశారు’, ‘సాగదీసిన’ వేర్వేరు రూపాలు కావడం వల్ల స్పష్టంగా ఉంటుంది. ఇక్కడ మాతృభాష అడ్డంకి కాదు, దీపం.

అయితే ఈ పోలికను అనువాదసూత్రంగా మార్చితే ప్రమాదం. సాధారణంగా తెలుగు సామాన్య, సంక్లిష్ట వాక్యాల్లో సమాపక క్రియ ఒక్కటే ఉంటుంది. మిగిలిన వ్యాపారాలు అసమాపకాలుగా దానికి ఒదిగి నడుస్తాయి. ఆంగ్లం అలా నడవదు. ‘అతడు వచ్చి, తిని, వెళ్ళాడు’ అన్న వాక్యంలో రెండు క్త్వార్థకాలు, ఒక సమాపకం ఉన్నాయి. ‘హీ కేమ్, ఏట్ అండ్ లెఫ్ట్’ అన్న ఆంగ్ల వాక్యంలో మూడూ సమాపకాలే. ‘వాన వస్తే పని ఆగుతుంది’ అన్నప్పుడు ‘వస్తే’ చేదర్థకం. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, ది వర్క్ స్టాప్స్’ అన్నప్పుడు ‘రెయిన్స్’ కూడా కాలాన్నీ వచనాన్నీ మోసే క్రియ. ‘నిన్న వచ్చిన ఓడ వేచి ఉంది’ అన్నదానికి సమానంగా ‘ది షిప్ దట్ కేమ్ యెస్టర్‌డే ఈజ్ వెయిటింగ్’ అంటే, తెలుగు ధాతుజ విశేషణం ఉన్న చోట ఆంగ్లంలో ‘కేమ్’ అన్న సమాపక క్రియ నిలిచింది.

కాబట్టి ఆంగ్ల వాక్యాన్ని తెలుగులోకి మార్చుకొని, తెలుగులో అసమాపకమైనది ఆంగ్లంలోనూ అసమాపకమే అనుకోవడం తప్పుదారి. తీసుకోవలసింది భావన మాత్రమే: వాక్యంలో క్రియను పోలిన పదాలు ఎన్ని ఉన్నా, కాలాన్నీ కర్తనూ మోసేవి వేరు, మోయనివి వేరు. ఏది మోస్తున్నదో ఆంగ్ల రూపంలోనే తేల్చుకోవాలి.

ఆ రూపం ఎక్కడ ఉంటుందన్న దానిలోనూ రెండు భాషలకూ ఎదురుబొదురు పోకడ ఉంది. ‘వస్తూ ఉంది’ అన్నప్పుడు కాలమూ, కర్తతో పొందికా చివరి పదంలో ఉన్నాయి. ‘ఈజ్ కమింగ్’ అన్నప్పుడు మొదటి పదంలో ఉన్నాయి. ‘ది షిప్ హాజ్ బీన్ వెయిటింగ్’ అన్న వాక్యంలో క్రియాబంధం మూడు పదాలుగా విస్తరించినా కాలాన్ని మోసేది ‘హాజ్’ ఒక్కటే. వాక్యం చివర క్రియ కోసం వెదకడం తెలుగు విద్యార్థి అలవాటు. ఆంగ్లంలో సాధారణంగా కర్త ముగిసిన చోట, క్రియాబంధపు మొదటి పదాన్ని చూడాలి. ‘డిడ్ నాట్ కేమ్’ అన్న చిరపరిచితమైన దోషం కూడా ఇక్కడిదే. ‘రాలేదు’ అన్న ఒక్క పదంలో తెలుగు ధాతువునూ, వ్యతిరేకతనూ, కాలాన్నీ ఇముడ్చుకొంటుంది. ఆంగ్లం వాటిని మూడు పదాలకు పంచి, కాలాన్ని ‘డిడ్’కు అప్పగిస్తుంది. ఒకసారి చెప్పిన కాలాన్ని ‘కేమ్’ మళ్ళీ చెప్పనక్కరలేదు.

6. ఎరువు మాటలు పెట్టే చిక్కు

ఓడరేవు, కర్మాగారం ఉన్న నగరంలో ఆంగ్లపదాలు బడి కంటే ముందే ఇంటికి వస్తాయి. ‘సరుకు లోడ్ చేశారు’, ‘షిప్ బెర్త్ అయింది’, ‘మెషీన్ స్టార్ట్ చేశాడు’ అన్నవి నిత్యవ్యవహారం. పూర్వం తెలుగు సంస్కృతపదానికి ‘ఇంచు’ చేర్చి భావించు, ప్రేమించు వంటి క్రియలను నిర్మించింది. ఆంగ్లపదాలకు వచ్చేసరికి ‘చేయు’, ‘అగు’ ధాతువుల సహాయంతోనే ఎక్కువగా పని జరుపుకొంటోంది. ఆంగ్లంలో క్రియ అయిన పదం తెలుగులోకి నామంగా దిగుతుంది. క్రియాభారం ‘చేయు’ మీద పడుతుంది. ‘లోడ్’ అన్న పదాన్ని పుట్టినప్పటి నుంచీ నామంగా వింటున్న విద్యార్థి, ఆంగ్ల వాక్యంలో అదే పదం ఒంటరిగా క్రియాభారాన్ని మోస్తుంటే గుర్తించలేకపోవడం సహజం. పదం తెలియకపోవడం కాదు, మరొక హోదాలో తెలిసి ఉండటమే ఇక్కడి చిక్కు. ఆంగ్ల పదపరిచయం పెరిగితే వ్యాకరణం దానంతట అదే వస్తుందన్న నమ్మకాన్ని ఇది ప్రశ్నిస్తుంది.

7. మూడు రూపపరీక్షలు

పై చర్చను బట్టి తరగతి గదిలో అర్థనిర్వచనానికి బదులు మూడు పరీక్షలను ప్రతిపాదించవచ్చు.

ఒకటి, కాలం మార్చడం. వాక్యానికి ‘నిన్న’ అన్న అర్థం వచ్చేలా చేస్తే ఏ పదం మారుతుందో చూడాలి. ‘డాక్ వర్కర్స్ లోడ్ ది షిప్’లో ‘లోడ్’ ఒక్కటే ‘లోడెడ్’గా మారుతుంది. ‘ది స్టీల్ రోల్డ్ ఇన్ దిస్ మిల్ కూల్స్ స్లోలీ’లో ‘కూల్స్’ మారుతుంది, ‘రోల్డ్’ కదలదు.

రెండు, కర్త వచనం మార్చడం. ‘ది స్టీల్’ స్థానంలో ‘ది బార్స్’ అని బహువచనం పెడితే ‘కూల్స్’ తన ‘స్’ను విడుస్తుంది. ‘కట్’, ‘పుట్’ వంటి క్రియలు భూతకాలంలోనూ రూపం మార్చుకోవు. మొదటి పరీక్షకు లొంగని అలాంటివి వర్తమానంలో ఈ రెండవ పరీక్షకు లొంగుతాయి.

మూడు, ప్రశ్నగా మార్చడం. కర్తకు ముందుకు దూకే పదమే కాలాన్ని మోసే పదం. ‘కెన్’, ‘మస్ట్’ వంటివి కర్త వచనాన్ని బట్టి మారకపోయినా ఈ పరీక్షలో పట్టుబడతాయి. దూకే పదం లేనప్పుడు ‘డు’, ‘డస్’, ‘డిడ్’ ముందు చేరి కాలాన్ని తీసుకొంటాయి. కాలాన్ని వదులుకొని మూలరూపానికి వచ్చిన పదమే అసలు వాక్యంలోని క్రియ.

ఒక్కొక్క పరీక్షకూ లొంగని వాక్యాలు ఉంటాయి. మూడూ కలిస్తే మిగిలేవి తక్కువ. వీటిలో ప్రధానమైనది ఆజ్ఞార్థక వాక్యం. దానిలో కర్త కనిపించదు, క్రియ సాధారణంగా మొదటనే ఉంటుంది. దాని ప్రాముఖ్యం పరీక్షపత్రానికి పరిమితమైనది కాదు. క్రేన్లు పనిచేసే చోట కనిపించే హెచ్చరిక ‘స్టాండ్ క్లియర్ ఆఫ్ సస్పెండెడ్ లోడ్స్’. వేలాడుతున్న బరువులకు దూరంగా ఉండండి అని దీని భావం. స్టాండ్, క్లియర్, సస్పెండెడ్, లోడ్స్ నాలుగూ క్రియలా కనిపించగలవు. ‘స్టాండ్’ను నిలబడటంగానూ, ‘లోడ్స్’ను చేయవలసిన పనిగానూ తీసుకొంటే హెచ్చరిక తలకిందులవుతుంది. ‘స్టాండ్’ క్రియ అనీ, ‘క్లియర్’ దానికి పూరకమనీ, ‘సస్పెండెడ్’ విశేషణమనీ విడదీయగలిగినప్పుడే అది ప్రాణరక్షక వాక్యమవుతుంది. క్రియను గుర్తించడం అంటే ఎవరు ఏమి చేయాలో, ఏమి చేయకూడదో తేల్చుకోవడమే.

8. ముగింపు

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్లమాధ్యమాన్ని ప్రవేశపెడుతూ ఉత్తర్వు జారీచేసింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేసింది. ఆ సందర్భంలో చెలరేగిన చర్చ ఏ భాషలో బోధించాలన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. ఆంగ్లాన్ని ఎలా బోధించాలన్న ప్రశ్న, అందులో తెలుగు వ్యాకరణజ్ఞానానికి ఉన్న పాత్ర, అంతగా చర్చకు రాలేదు. మాధ్యమం ఏదైనా, తెలుగు మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన విద్యార్థి ఆంగ్ల వాక్యాన్ని తెలుగు వాక్యజ్ఞానంతోనే సమీపిస్తాడు. ఆ జ్ఞానాన్ని తలుపు బయట వదిలి రమ్మనడం సాధ్యం కాదు, అవసరమూ కాదు.

శతాబ్దం క్రితం విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, విద్యాధికారి జె.ఎ. యేట్స్, గిడుగు రామమూర్తి, గురజాడలు వ్యావహారికభాష కోసం నిలిచినప్పుడు, విద్యార్థి ఎరిగిన భాష నుంచే చదువు మొదలుకావాలన్న ఆలోచన బలం పుంజుకొంది. దానిని ఆంగ్లబోధనకూ విస్తరించుకోవలసి ఉంది. ‘పనిని తెలిపేది క్రియ’ అన్న నిర్వచనాన్ని తొలి మెట్టుగా ఉంచుకోవచ్చు. అక్కడే ఆగిపోవడం తగదు. కాలాన్నీ కర్తనూ మోసేది సమాపక క్రియ అన్న తెలుగు భావనను ఆధారంగా చేసుకొని, ఆంగ్ల రూపాన్ని ఆంగ్ల పరీక్షలతోనే పట్టుకోవడం నేర్పితే నిర్వచనం సాధనంగా మారుతుంది. పాఠ్యపుస్తక రచయితలూ, ఉపాధ్యాయశిక్షణ సంస్థలూ తెలుగు, ఆంగ్ల శాఖల మధ్య గోడను ఈ ఒక్క పాఠం విషయంలోనైనా తొలగించి, రెండు వ్యాకరణాలను పక్కపక్కన ఉంచి బోధించే ప్రణాళికను రూపొందించవలసి ఉంది.